సిస్టరమ్మ ఇంట్లో వెలగని తెర

షబానాకు ఒక అలవాటు ఉంది. చెడిపోయిన కంప్యూటర్ ఏది ముందుకొచ్చినా వెంటనే స్క్రూలు విప్పదు. మీట నొక్కి, కళ్లు మూసుకుని వింటుంది. లోపలి ఫ్యాను ఎలా అందుకుంటోంది, ఎక్కడ తడబడుతోంది, ఏ క్షణంలో ఊపిరి వదిలేస్తోంది అని. ఆ సమయంలో ఆమె ముఖం చూసినవాళ్లకు ఈమె రిపేరు చేస్తోందా, కునుకు తీస్తోందా అని అనుమానం వస్తుంది.

నంద్యాల పాత ఊళ్లో ఆమె తండ్రి గౌస్‌కు చిన్న అత్తరు కొట్టు ఉంది. కొట్టు మీద మేడగది షబానాది. అక్కడికి ఎక్కే మెట్లన్నీ మల్లె, గంధం, మొగలి వాసన. పైన గదిలోకి వెళ్లేసరికి ఆ వాసనలో టంకం పెట్టేటప్పుడు కాలే సీసం వాసన కలుస్తుంది. డిగ్రీ చదివే రోజుల్లో ఆమె ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ సెంటర్ మూతపడింది. యజమాని ఊరు వదిలి పోతూ పనికిరాని కంప్యూటర్లన్నీ ఆమెకే వదిలిపెట్టాడు. వాటిని ఒక్కొక్కటీ విప్పి, కలిపి, పాడుచేసి, మళ్లీ బాగుచేసి ఆమె పని నేర్చుకుంది. బోర్డు పెట్టలేదు. ఒకరి నోట ఒకరు విని పిలుస్తారు. ఆడమనిషి కాబట్టి ఇంట్లో మగవాళ్లు లేని వేళ కూడా నిశ్చింతగా లోపలికి రానిస్తారు. అలా ఆమె చేతిసంచి నంద్యాల వీధులు దాటి కోయిలకుంట్ల వరకూ, ఆళ్లగడ్డ వరకూ తిరుగుతుంది.

ఆమె భర్త ఇంతియాజ్ ఆటో నడుపుతాడు. మాట తక్కువ మనిషి. పెళ్లయిన కొత్తలో ఆమె దగ్గర మాత్రం బాగానే మాట్లాడేవాడు. కొన్నేళ్ల కిందట ఏడో నెలలో కాన్పు వచ్చి, బిడ్డ దక్కకుండా పోయాక ఆ మాటలు కూడా తగ్గిపోయాయి. పోట్లాట లేదు, అలక లేదు. ఇద్దరూ ఒకరికొకరు అన్నం వడ్డించుకుంటారు, ఆలస్యమైతే ఫోన్ చేసుకుంటారు. ఆ ఒక్క విషయం మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు. మరిచిపోతే మంచిదని పెద్దవాళ్లు అన్నారు. ఎలా మరిచిపోవాలో చెప్పలేదు.

చలికాలం మొదట్లో ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. ముసలి గొంతు, కానీ గట్టి గొంతు.

"పాపా, కంప్యూటర్లు బాగుచేసేది నువ్వేనా? నా పేరు మణెమ్మ. ఆళ్లగడ్డ నుంచి మాట్లాడతాండా. మా మిషను లేస్తాంది, పడతాంది. మళ్లా లేస్తాంది, మళ్లా పడతాంది. నాకు చూడబుద్ధి కాక గుడ్డ కప్పి పెట్టినా. బేగా రామ్మా."

మరునాడు పొద్దునే షబానా ఆళ్లగడ్డ బస్సెక్కింది. శిరివెళ్ల దాటేదాకా మంచు విడవలేదు. ఎడమ చేతి వైపు నల్లమల కొండలు ఉన్నాయో లేవో తెలియకుండా, ఎవరో గీసి తుడిచేసినట్టు ఉన్నాయి. కిటికీ అవతల శనగ చేలు తడితడిగా మెరుస్తూ వెనక్కి పోతున్నాయి. బస్సులో ఆమెకు ఎప్పుడూ నిద్ర పట్టదు. మెలకువగానూ ఉండదు. ఆళ్లగడ్డ దగ్గర పడుతుంటే రోడ్డు పక్కన శిల్పుల పాకలు మొదలయ్యాయి. ముఖం పూర్తికాని విగ్రహాలు, మొండెం మాత్రమే తేలిన దేవతలు, ఒంటికొమ్ము నందులు మంచులో నిలబడి బస్సుని చూస్తున్నాయి. ఉలి చప్పుడు, రాయి కోసే మిషన్ల చప్పుడు అప్పుడే మొదలైంది.

మణెమ్మ ఇల్లు అలాంటి ఒక పాక పక్కనే ఉంది. చిన్న ఇల్లు, ముందు సున్నం కొట్టిన గోడ, గోడ మీద రాతిపొడి పౌడరు అద్దినట్టు ఉంది. మణెమ్మ దొర్నిపాడు వైపు పల్లెల్లో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఉద్యోగమంతా కాన్పులు చేస్తూ ఊళ్లు తిరగడమే. ఆ పల్లెల్లో అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవాళ్లు. ఆళ్లగడ్డలోనూ అదే పేరు నిలిచిపోయింది. పెళ్లి చేసుకోలేదు. తీరిక దొరకలేదని ఆమే నవ్వుతూ చెబుతుంది. కంప్యూటర్ ఆమె తమ్ముడు ఎజ్రాది. ఆయన బడిపంతులు. తనకు కొత్తది కొనుక్కున్నప్పుడు పాతదాన్ని అక్కకు ఇచ్చి, అందులో బొమ్మలు గీసుకునే పద్ధతి నేర్పించాడు.

"రాత్రి పూట కండ్లు ఆనవు నాకు. పొద్దున వంటైనాక కూసుంటా, పగలే గీసుకుంటా. దసరా పోయినాక యాడలేని రోగం వచ్చె దీనికి" అంది మణెమ్మ, పైన కప్పిన గుడ్డ తీస్తూ.

షబానా మీట నొక్కి కళ్లు మూసుకుంది. ఫ్యాను తిరిగింది. తెర మీద కంపెనీ పేరు వచ్చింది. ఒక్కసారి మూలిగినట్టయి అంతా ఆరిపోయింది. తరువాత దానంతటదే మళ్లీ లేచింది. మళ్లీ పేరు, మళ్లీ మూలుగు, మళ్లీ చీకటి. మణెమ్మ చెప్పింది నిజమే. లేస్తోంది, పడుతోంది.

ప్లగ్గులో టెస్టర్ పెట్టి చూస్తే ఎర్రగా వెలిగింది. కరెంటు ఉంది కదా అనుకుని షబానా ఇక అటు చూడలేదు. పెట్టె విప్పితే లోపల రాతిపొడి గూడు కట్టుకుని ఉంది. ఇదే దోషి అనుకుంది. బ్రష్‌తో దులిపి, ర్యామ్ పట్టీని ఊడదీసి చిన్నపిల్లల రబ్బరుతో రుద్ది పెట్టింది. బ్యాటరీ బిళ్ల మార్చింది. లేచింది, పడింది.

"నంద్యాలకు తీసుకుపోతా సిస్టరమ్మా. మా మేడగదిలో పెట్టి చూడాల."

"తీసుకుపో. జాగ్రత్తమ్మా, దాంట్లో నా ఊర్లుండాయి" అంది మణెమ్మ.

ఆ మాట షబానాకు అప్పుడు అర్థం కాలేదు. పెట్టెను పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా అదిమి పట్టుకుంది.

మేడగదిలో తీగలు తగిలించి మీట నొక్కగానే అది ఏ తడబాటూ లేకుండా లేచి కూర్చుంది. తెర నిండా ఒక బొమ్మ పరుచుకుంది. ఇంకా తెల్లవారని పొలం. నీలం మీద నీలం. దూరంగా ఒక ఇల్లు, దాని కిటికీలో చిటికెడు పసుపు. ఇంటి నుంచి బయల్దేరి, బొమ్మ చూసేవాళ్ల వైపుకు వంకర తిరుగుతూ వస్తున్న బండ్లబాట. మనిషి లేడు. గీతలు వణికాయి. చేయి తిరిగిన వాళ్లు గీసింది కాదని తెలుస్తూనే ఉంది. అయినా షబానా కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇంకా బొమ్మలున్నాయి. అన్నీ తెల్లవారుజాములే. కుందూ ఒడ్డున పొగమంచు. కుసుమ పూలు విచ్చిన చేను. జొన్న కంకుల మధ్య సన్నటి దారి. వాన వెలిసిన నల్లరేగడిలో బండి గాడి, గాడిలో నిలిచిన నీళ్లల్లో ఆకాశం. ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒక ఇల్లు, చిటికెడు దీపం, వెనక్కి వచ్చే బాట. కిందనుంచి అత్తరు వాసన వస్తోంది. మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినబడింది. షబానా మాత్రం ఆ నీలపు బాటల మీదే నడుస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రం దాకా కంప్యూటర్ ఒక్కసారి కూడా పడిపోలేదు.

బాగైంది కదా అని తీసుకువెళ్లి ఆళ్లగడ్డలో పెట్టింది. లేచింది, పడింది.

లోపల పవర్ సప్లై బలహీనపడి ఉంటుందని మళ్లీ నంద్యాల తెచ్చి కొత్తది బిగించింది. మేడగదిలో అది హాయిగా నడిచింది. ఆళ్లగడ్డ తీసుకుపోతే మళ్లీ అదే మూలుగు. షబానా ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్ల పనిలో తలకాయ పట్టుకున్న సందర్భాలు లేకపోలేదు. ఒకచోట బతికి ఒకచోట చచ్చే కంప్యూటర్‌ను మాత్రం ఆమె చూడలేదు. ఇంట్లో ఆ మాట చెబితే ఇంతియాజ్ అన్నం కలుపుతూ ఆగాడు.

"దానికి ఆ ఇల్లు పడలేదేమో" అన్నాడు.

ఆమె నవ్వింది. అతనూ కొంచెం నవ్వాడు. మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

నాలుగోసారి వెళ్లినప్పుడు ఆమె ఒక నిర్ణయం చేసుకుని వెళ్లింది. పెట్టెను మోసుకు రాకూడదు. ఆ ఇంట్లోనే కూర్చోవాలి. పొద్దు గూకేదాకా అయినా సరే, అది ఎందుకు పడుతోందో తేలేదాకా కదలకూడదు.

"కూర్చో పాపా. నాకు గూడా తోడైతది" అంది మణెమ్మ.

షబానా మీట నొక్కి వదిలేసింది. అది లేస్తూ పడుతూ ఉంది. వాకిట్లో చాప పరిచి మణెమ్మ శనగాకు కుప్ప పోసింది. తెరిచిన తలుపులోంచి తెర కనబడేలా షబానా గోడకు ఆనుకుని కూర్చుని, తానూ ఆకు దూసింది. శనగాకు పులుపు వేళ్లకు అంటుకుంది. లేత ఎండ. గోడ అవతల రాయి కోసే మిషను ఒకే స్వరంతో రొద పెడుతోంది. కొంతసేపు వింటే అది వినబడడం మానేస్తుంది. ఆ ఊళ్లో ఆ చప్పుడు గాలిలాంటిది. ఉందని ఎవరూ చెప్పుకోరు.

"మీ బొమ్మలు చూసినా సిస్టరమ్మా. మిమ్మల్ని అడగకుండానే చూసినా" అంది షబానా.

"చూడనీ. చూసేదానికే కదా ఉండేది."

"అన్నీ తెల్లారుజామే ఎందుకు గీసినారు?"

మణెమ్మ ఆకు దూయడం ఆపలేదు. "కాన్పులన్నీ రాత్రిపూటే ముంచుకొస్తాయి. ఎద్దులబండి పంపిస్తాండ్రి పిలుచుకపోనీకి. పని అయినంక ఇంటికి పోనీకి బండి ఉండదు, ఎద్దులు అలిసింటాయి. నడిచి వస్తాంటి. ఆ నడిచే దారి ఒక్కటే నాది. ఇంటి లోపల జరిగింది ఆ తల్లులది. అది గీసేదానికి నాకు హక్కు ల్యాదు."

ఒక పిట్ట వచ్చి గోడ మీద వాలి, రాతిపొడిలో కాళ్ల గుర్తులు వదిలి పోయింది.

"నీకు పిల్లలెంతమంది పాపా?"

ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే షబానా నోట ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది. ఇంకా లేరండీ అని. ఆ రోజు ఎందుకో ఆ జవాబు రాలేదు.

"ఒక పాప. ఏడో నెలలోనే వచ్చింది. ఏడవలే."

మణెమ్మ చేతులు ఆగాయి. అయ్యో అనలేదు. దేవుడు మళ్లీ ఇస్తాడనీ అనలేదు. మామూలుగా, జ్వరం ఎప్పటినుంచి అని అడిగినంత మామూలుగా అడిగింది.

"నీకు చూపిచ్చినారా?"

"లేదు. నాకు తెలివి వచ్చేటప్పటికి తీసుకపోయినారు. చూస్తే బెంగ పెట్టుకుంటుందని."

"పేరు పెట్టినారా?"

"తెలీదు. నేనడగలే. ఎవురూ చెప్పలే."

మణెమ్మ చీరకు చేతులు తుడుచుకుంది. "మొదట్లో నేను గూడా అట్లే అనుకుంటాంటి. చూపిచ్చకుంటే మంచిదని. ఒకసారి ఒకామె నా చెయ్యి పట్టుకోని వదల్లేదు, చూపిచ్చేదాకా. చూపిచ్చినా. బిడ్డ చెవి పట్టుకోని చూసి, మా నాయన చెవి అనె. అనేసి నిద్రపోయింది తల్లి. అప్పటినుంచి ఏడవని బిడ్డను గూడా గోరువెచ్చని నీళ్లతో తుడిచి, మెత్తని గుడ్డలో చుట్టి తల్లి పక్కలో పెడతాంటి. ఎంతసేపు కావాలంటే అంతసేపు. బయట మగోళ్లు తొందర పెడితే పెట్టనీ."

షబానా ఏడ్చింది. పెద్దగా కాదు. ముక్కు ఎగబీల్చుకుంటూ, ఆకు దూస్తూనే ఏడ్చింది. మణెమ్మ ఓదార్చలేదు. పక్కనే కూర్చుంది. ఆకు అయిపోయాక లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించింది.

ఎండ వాకిట్లోకి ఇంకొంచెం జరిగింది. షబానా వీపు వెనక గోడ వెచ్చబడింది. లోపల తెర వెలుగుతోంది, ఆరుతోంది. ఆ వెలుగూ చీకటీ కనురెప్పల మీద పడుతుంటే ఎప్పుడు కళ్లు మూతబడ్డాయో ఆమెకు తెలియలేదు. నిద్రలో ఆమె ఒక బండ్లబాట మీద నడుస్తోంది. కాళ్ల కింద మంచు తడి. ఎవరో వెనకే వస్తున్నారు. తిరిగి చూడాలనిపించలేదు, భయమూ వేయలేదు. వెనక వచ్చేవాళ్ల అడుగులు చాలా చిన్నవి. దారి పొడుగునా ఎక్కడో సన్నగా ఏదో మోగుతోంది. నడుస్తూ నడుస్తూ ఉండగా ఆ మోత ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది.

తెరిచిన తలుపులో నీలపు పొలం కనబడింది. కిటికీలో చిటికెడు పసుపు ఉన్న ఇల్లు. షబానా కదలకుండా చూస్తూ ఉంది, ఇంకా కలలోనే ఉన్నాననుకుని. వంటింట్లోంచి జొన్నరొట్టె తట్టే చప్పుడు వినబడుతోంది. అప్పుడు తెలిసింది తాను చూస్తున్నది కంప్యూటర్ తెరనని. అది లేచింది. దానంతటదే లేచి, పడకుండా నిలబడింది.

"సిస్టరమ్మా! లేచింది!"

మణెమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడి, చప్పుడు చేస్తే బెదురుతుందేమో అన్నట్టు చూశారు.

"ఏం చేసినావు పాపా?"

"ఏం చేయలే. నిద్రపోయినా."

అంతలో గోడ అవతల మిషను గర్రుమని మొదలైంది. తెర ఒక్కసారి మూలిగి ఆరిపోయింది.

షబానా మణెమ్మ ముఖం చూసింది. మణెమ్మ గోడ వైపు చూసింది.

"ఆ మిషను ఎప్పుడు పెట్టినారు సిస్టరమ్మా?"

"చిన్నది ముందునుంచి ఉండాది. ఈ పెద్దది తెచ్చింది..." మణెమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. "దసరా పోయినంకే."

పక్క పాకలో శిల్పి వినీత్. ముప్పై ఏళ్లు దాటిన మనిషి. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి పొడి కప్పుకుని తానే ఒక విగ్రహంలా ఉన్నాడు. భోజనానికి ఆపి, తిరిగి ఇప్పుడే మిషను వేశాడు. షబానా చెప్పింది విని ముందు నవ్వాడు.

"నేను రాయి కోస్తే ఆమె కంప్యూటర్ ఆగేది ఏందక్కా?"

"ఒక్కసారి ఆపన్నా, చూద్దాం."

అతను ఆపాడు. షబానా ఇవతలికి పరుగెత్తి వచ్చింది. కంప్యూటర్ లేచి నిలబడింది. "ఇప్పుడు వెయ్యి!" అని గోడ మీదుగా అరిచింది. అతను వేశాడు. ఆరిపోయింది. "ఆపు!" నిలబడింది. "వెయ్యి!" పడింది. ఈసారి నమ్మకం కలగక వినీత్ తన పనివాడిని మిషను దగ్గర నిలబెట్టి తానే వచ్చి చూశాడు. తెల్లటి అడుగుల గుర్తులు వాకిలంతా పడ్డాయి.

"అవును సిస్టరమ్మా. నాదే తప్పు. ఇన్ని దినాలు నాకు ఒక్క మాట చెప్పింటే..."

"నాకు మాత్రం తెలుసునా నాయనా? నీ మిషను చప్పుడు వినడమే మరిచిపోయినా" అంది మణెమ్మ.

షబానా గది లైటు వేసి చూపించింది. మిషను నడుస్తుంటే బల్బు దీపపు బుడ్డిలా ఎర్రగా మసకబారింది. ఆపితే తెల్లగా వెలిగింది. పగటిపూట లైటు ఎవరూ వేయరు. చలికాలం కాబట్టి ఫ్యాన్లూ తిరగడం లేదు. వినీత్ పని ఆపే వేళకు మణెమ్మకు కళ్లు ఆనవు. టెస్టర్ వెలిగితే చాలు కరెంటు సరిగా ఉన్నట్టే అనుకుని తాను ఎన్నిసార్లు పెట్టెను విప్పిందో తలచుకుని షబానాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

వినీత్ ఫోన్ చేస్తే లైన్‌మన్ యాకోబు నిచ్చెన వేసుకుని వచ్చాడు. రెండిళ్లకూ కరెంటు ఒకే చోటునుంచి చీలుతుంది. చూరు కింద ఆ అతుకు గాలికి ఊగి ఊగి వదులై, నల్లగా కాలి ఉంది. పెద్ద మిషను నడిచినప్పుడు దాంట్లోంచి ఈ ఇంటికి సగం బలం కూడా రావడం లేదు.

"ఇంగ కొన్ని దినాలు పోయింటే చూరు గూడా అంటుకునేది సిస్టరమ్మా" అన్నాడు యాకోబు పైనుంచి. "ఈ కంప్యూటర్ పడింది మంచిదైంది."

కాలిన ముక్క కోసేసి, మణెమ్మ ఇంటికి వేరే తీగ లాగి, గట్టిగా బిగించి దిగాడు. వినీత్ మిషను వేశాడు. కంప్యూటర్ లేచి నిలబడింది. బల్బు తెల్లగా ఉంది. గోడ అవతల రాయి కోసుకుపోతూనే ఉంది, ఇవతల నీలపు పొలం అలాగే ఉంది. వినీత్, యాకోబు టీ తాగి వెళ్లిపోయారు.

ఆ తరువాత మణెమ్మ, షబానా రొట్టె, శనగాకు పప్పు తిని తెర ముందు కూర్చున్నారు. మణెమ్మ ఒక్కొక్క బొమ్మే తెరిచి ఊరి పేరు చెప్పింది. పేర్లు చెబుతుంటే ఆమె గొంతు మెత్తబడింది. షబానా చాలాసేపటికి అడిగింది.

"ఏడవని బిడ్డలు పుట్టిన ఇండ్లు గూడా ఉండాయా వీటిల్లో?"

"ఉండాయి."

"ఏవి?"

మణెమ్మ తల అడ్డంగా ఊపింది. "అది చెప్పను పాపా. చెప్పినా నీకు తేడా కనపడదు. దీపం అన్ని ఇండ్లల్లో ఒకే మాదిరి వెలుగుతాంటది. నేనే మరిచిపోయినా కొన్ని."

షబానా మళ్లీ మొదటినుంచి అన్ని బొమ్మలూ చూసింది. నిజంగానే తేడా లేదు. ప్రతి కిటికీలోనూ అదే పసుపు.

మణెమ్మ ఒక కొత్త పేజీ తెరిచి మౌసు ఆమె చేతిలో పెట్టింది. "గీయి."

"నాకు గీసేది రాదు సిస్టరమ్మా."

"నాకు మాత్రం వస్తాదా? ముందు ఆకాశం నింపు. రంగు ఎంచుకో."

షబానా రంగుల డబ్బాలన్నీ చూసింది. చివరికి లేత గులాబీ మీద వేలు ఆగింది. నొక్కింది. ఆ రంగు ఒక్కసారిగా తెర నిండా వ్యాపించింది. ఇద్దరి ముఖాల మీద, మణెమ్మ తెల్లచీర మీద ఆ వెలుగు పడింది. అంతే, ఆమె ఇంకేమీ గీయలేదు. మణెమ్మ దాన్ని అలాగే దాచిపెట్టింది.

సాయంత్రం బస్సులో షబానా కిటికీకి తల ఆనించి నిజంగానే నిద్రపోయింది. నంద్యాలలో కండక్టర్ లేపితే గానీ లేవలేదు. స్టాండు బయట ఇంతియాజ్ ఆటోతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ వెనక కూర్చునే ఆమె ఆ రోజు ముందుకు వచ్చి, అతని సీటు అంచున ఇరుక్కుని కూర్చుంది. అతను ఆశ్చర్యంగా చూసి జరిగాడు.

"బాగైందా?"

"అయింది. ఇంటికి కాదు, కుందూ వంతెన మీదికి పోనీ" అంది.

అతను ఎందుకని అడగకుండా బండి తిప్పాడు. వంతెన పక్కన ఆపేసరికి పొద్దు వాలుతోంది. నది మీద సన్నగా మంచు పుడుతోంది. కొంగలు గుంపుగా వచ్చి అవతలి చెట్ల మీద దిగుతున్నాయి. షబానా కాసేపు చూసి, నీళ్ల వైపే చూస్తూ అడిగింది.

"పాపను నువ్వు చూసినావు కదా?"

ఇంతియాజ్ చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి. ఆటో ఆగి ఉన్నా దాన్ని పట్టుకునే ఉన్నాడు.

"చూసినా. నేనే ఎత్తుకోని పోయినా ఖబరస్తానుకు."

"ఎట్లుండె?"

అతను హ్యాండిల్ వదిలి నీళ్ల వైపు తిరిగాడు. మాట్లాడినప్పుడు, ఎన్నో ఏళ్లుగా లోపల తిప్పి తిప్పి అరిగిపోయిన మాటల్లా అవి తడుముకోకుండా వచ్చాయి. వెంట్రుకలు చాలా ఉన్నాయని చెప్పాడు. నల్లగా, తడిగా, నుదుటి మీద అంటుకుని ఉన్నాయట. గడ్డం మాత్రం షబానాదేనట, మధ్యలో చిన్న సొట్ట. ఒక చేయి పిడికిలి బిగించి ఉందట. బరువే లేదన్నాడు. దారి పొడుగునా ఆ బరువు లేకపోవడమే మోశానన్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే. అడిగితే నువ్వు తట్టుకోలేవేమో అనుకున్న్యా."

"నేను నీ గురించి అట్లే అనుకున్న్యా" అంది షబానా.

వంతెన మీద దీపాలు వెలిగాయి. ఆమె అతని భుజానికి ఆనుకుంది. అతను చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, ఇంకొక మాట చెప్పాడు.

"పేరు పెట్టకుండా ఎట్లా పూడుస్తాం? పెట్టినా. ఆడ నిలబడి నేనే పెట్టినా."

శనగ బస్తాల లారీ ఒకటి వంతెన అదిరేలా పోయింది. ఆ చప్పుడులో అతను చెప్పిన పేరు ఆమెకు సరిగా వినబడలేదు. లారీ దూరం పోయేదాకా ఆగి, అతని ముఖంలోకి చూస్తూ అడిగింది.

"ఇంకొకసారి చెప్పు."

"షమా" అన్నాడు ఇంతియాజ్. "దీపమని పెట్టినా."